రే గారు

మా అపార్ట్‌మెంటు కింది హాల్లో ఈమధ్య పిల్లలకు కరాటే నేర్పుతున్నారు. మాస్టరు మాటిమాటికీ పిల్లల్ని "రేయ్" అంటున్నాడని, డబ్బు కట్టి మరీ ఈ మర్యాద నేర్పించుకోవాలా అని మొన్న పక్కింటావిడ మా ఆవిడ దగ్గర చిర్రుబుర్రులాడుతుంటే, పేపరు చదువుకుంటున్న నాకు నవ్వాగలేదు. ఎనభైల చివర్లో ఒమాన్‌లో అదే మాటకు నేనూ అలిగాను మరి.

అప్పట్లో సీబ్ దగ్గర ఒక కట్టడాల కంపెనీలో స్టోర్‌కీపరుగా ఉండేవాణ్ణి. గల్ఫ్ రూముల్లో బతికిన నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు, డ్యూటీ ఎంత కష్టమైనా గడిచిపోతుంది, గడవనిది శుక్రవారం సెలవే. తోటివాళ్ళు పేకాటలోనో నిద్రలోనో పడితే నేను మాత్రం కాలుగాలిన పిల్లిలా క్యాంపు గేటు దాకా వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. ఆ రోజుల్లోనే ఎవరో అద్దెకు తెచ్చిన వీడియో క్యాసెట్‌లో ఒక జపాన్ కత్తివీరుణ్ణి చూశాను. అతను కత్తి దూసింది అంతగా గుర్తులేదు గానీ, దూయడానికి ముందు మోకాళ్ళ మీద అంతసేపు కదలకుండా కూర్చున్నాడే, అది చూసి అసూయ కలిగింది. అలా కూర్చోవడం వస్తే చాలు, ఈ గల్ఫ్ నన్నేమీ చేయలేదనిపించింది. అది నేర్చుకుంటానంటే, మన కర్రసాము ఏం పాపం చేసిందని రూమ్‌లో అందరూ ఆటపట్టించారు.

మస్కట్‌లోని రూవీలో ఒక మేడమీది యుద్ధవిద్యల స్కూలుకు వెళ్ళాను. అక్కడి మాస్టరు అద్దం ముందు తళతళలాడే కత్తిని గిరగిరా తిప్పి చూపించాడు తప్ప కూర్చోవడమన్న ఊసే ఎత్తలేదు. ఇంకోచోట బెల్టుల రంగుల గురించే మాట్లాడారు. నా అవస్థ చూడలేక, మా రూమ్‌లో ఉండే కడప డ్రైవర్ భాయ్, తను కారు నడిపే జపాన్ ఇంజనీరు శుక్రవారం పొద్దున విల్లాలో కొందరికి చెక్క కత్తితో సాము నేర్పుతాడని చెప్పి తనే తీసుకెళ్ళాడు.

చెప్పులు బయట విడిచి, వరుసగా మోకాళ్ళ మీద కూర్చున్నాం. ఎదురుగా ఆయనా అలాగే కూర్చున్నాడు, చాలాసేపు ఎవరూ పలకలేదు. నేను వెతుకుతున్న చోటు ఇదేనని ప్రాణం కుదుటపడుతుండగా ఆయన గట్టిగా "రే" అన్నాడు. వారమంతా మా తెలుగు ఫోర్‌మన్ నోట వినేది ఆ పిలుపే. పేరుండగా పేరు పెట్టి పిలిచిన పాపాన పోడు. ఈయనా మన మేస్త్రీల దగ్గర మొదట ఇదే నేర్చుకున్నాడు కాబోలనుకుని, ఒళ్ళు మండి, లేచి చెప్పులేసుకుని వచ్చేశాను.

కొన్ని శుక్రవారాలు ఆ కోపంలోనే పోయాయి. భాయ్ ఎందుకొచ్చేశావని అడిగితే మొదట్లో మాట దాటేశాను, చెప్పిన రోజున అతను నవ్వలేదు కూడా.

"అది తిట్టు కాదన్నా, వాళ్ళ దండం. నువ్వు సూడకుండా లేసొచ్చినావు గానీ, నీ కంటే ముందు ఆయప్పే వంగినాడు."

వేసవి వస్తే ఇంజనీరు పని ముగించుకుని జపాన్ వెళ్ళిపోతాడు, అలాంటి చోటు మళ్ళీ దొరకదు. రానిస్తాడో లేదోనని బెరుకుగా వెళ్ళి, నాకొచ్చిన నాలుగు ముక్కల ఇంగ్లీషులో, మా భాషలో ఆ మాట గౌరవం ఇవ్వక్కర్లేనివాణ్ణి పిలిచేదని చెప్పాను. ఆయన బయటికి వెళ్ళి భాయ్‌ని ఏదో అడిగొచ్చాడు. తరువాత అందరం కూర్చున్నాక, నా వైపు తిరిగి, రెండు చేతులూ నేలకానించి వంగుతూ "రే గారు" అన్నాడు.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. పక్కనున్న సింహళ గుమాస్తా అది కూడా జపాన్ మాటే అనుకుని చివరిదాకా అలాగే అన్నాడు.

ఆ వేసవి దాకా నేర్చుకున్నాను. కత్తి పెద్దగా అబ్బలేదు గానీ కూర్చోవడం కాస్త వచ్చింది. ఆయన వెళ్ళిపోయాక అదీ నిలవలేదు, ఇప్పటికీ మా ఆవిడ నన్ను ఒక్కచోట కుదురుగా కూర్చోమని విసుక్కుంటూనే ఉంటుంది. ఈ రోజుల్లో బ్యాంకులో, ఆసుపత్రిలో, చివరికి అప్పు కావాలా అని ఫోన్ చేసే అమ్మాయి కూడా నన్ను సార్ అనే అంటుంది. నా ఒక్కడి మనసు నొచ్చుకుందని తన మాటనే సవరించుకున్న మనిషి మాత్రం మళ్ళీ ఎదురుపడలేదు.