గట్టిబైండు వండిన గుమ్మడికాయ కూర

వీధిలో అందరూ ఆయన్ని గట్టిబైండు అనే పిలుస్తారు. ముప్పై ఐదేళ్లుగా పుస్తకాలకు బైండింగు చేస్తున్నాడు. ఆయన కుట్టిన పుస్తకాన్ని మేడ మీంచి విసిరినా ఒక్క కాగితం ఊడదని పేరు. ఆ పేరంటే ఆయనకు గర్వం, ఆ గర్వం చూస్తే భార్యకు నవ్వు. ఆ నవ్వు వినబడి నెల దాటింది.

మూడు వారాలు పీడించిన జ్వరం పోయింది గానీ, పోతూ పోతూ ఆవిడ ఆకలిని కూడా మూటగట్టుకుపోయింది. ఏది పెట్టినా రెండు ముద్దలు, ఆపైన "చాలండీ". మనిషి చిక్కి సగమైంది. డాక్టరమ్మ తూకం చూసి, "వచ్చే సోమవారానికి ఇంకా తగ్గితే ఆస్పత్రిలో చేర్చాల్సిందే," అంది. ఆ మాట విన్నప్పటినుంచి ఆయన చేతిలో సూది నిలవడం లేదు.

ఇన్నాళ్లూ వంటంతా ఆవిడదే. ఒకప్పుడు ఎనిమిదేళ్లు పాల డిపోలో పనిచేసి, పాలన్నా పెరుగన్నా నెయ్యన్నా మొహం మొత్తిపోయింది. గుడ్డు, మాంసం మొదటినుంచీ గిట్టవు. అవేవీ అక్కర్లేని కూరగాయల వంటల పుస్తకాలు రెండు కొనుక్కుంది. రెండింట్లో పచ్చ అట్టదంటే ప్రాణం. పాతికేళ్ల కిందట దాని కుట్టు ఊడిపోతే, ఆయనే విప్పి మళ్లీ కుట్టిచ్చాడు.

ఆ రోజు ఉదయం, "ఏం తినాలనుందో చెప్పవే," అని బతిమాలాడు.

ఆవిడ గోడవైపు తిరిగి పడుకునే, "గుమ్మడికాయ కూర," అంది. కాస్త ఆగి, "మీకెక్కడ వస్తుంది లెండి," అని కూడా అంది.

ఆయనకు రోషం పొడుచుకొచ్చింది. పచ్చ పుస్తకాన్ని ఉప్పు డబ్బాకు ఆనించి నిలబెట్టాడు. గుమ్మడికాయ తొక్కతో కుస్తీ పట్టి, ముక్కలన్నీ స్కేలు పెట్టి కొలిచినట్టు ఒకే సైజులో తరిగాడు. నూనెలో ఉల్లిపాయలు వేయించి, ముక్కలు వేసి మూతపెట్టాడు. ముప్పై రెండో పేజీ చివర "ముక్కలు సగం ఉడికాక అందులో" అని ఉంది. పేజీ తిప్పాడు. "పల్లీల పొడి వేసి కలిపి, దించాక నిమ్మకాయ పిండాలి." ఇంకొకరైతే చదువుకుని పల్లీలు వేయించుకునేవారు. బైండరు కళ్లు కదా, పేజీ అంకె మీద పడ్డాయి. నలభై తొమ్మిది.

పదహారు పేజీల మడతను వాళ్ల పనిలో ఫారం అంటారు. కుట్టేముందు ఫారాల అంకెలు వరసగా ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఊళ్లోవాళ్ల పుస్తకాలకు మూడేసిసార్లు చూసే మహానుభావుడు, ఇంటి పనే కదా అని దీనికి ఒక్కసారి కూడా చూడలేదు. నాలుగో ఫారాన్ని మూడోదానికి ముందు కుట్టేశాడు. చిక్కుడుకాయల కూర చివరి సగం వచ్చి గుమ్మడికాయ నెత్తిన కూర్చుంది.

సిగ్గుతో చెవులు వేడెక్కాయి. స్టవ్ ఆపి, బ్లేడు తెచ్చి అక్కడికక్కడే కుట్టు తెంపేశాడు. ముప్పై మూడో పేజీ వెతికి పట్టుకుని, అందులో ఉన్నట్టే కొబ్బరిపాలు పోసి, చిటికెడు పంచదార వేసి కూర పూర్తిచేశాడు.

ఆవిడ ఒక్క ముద్ద తిని కంచం పక్కకు జరిపింది. "ఇది నా కూర కాదు."

"ఇదేనే అసలు కూర! పుస్తకం నేనే తప్పు కుట్టాను," అన్నాడు, తల ఎత్తకుండా. "పాతికేళ్లుగా నీచేత తప్పు కూర వండించాను."

ఆవిడ నవ్వింది. సన్నగా మొదలై, దగ్గు వచ్చేదాకా నవ్వింది. "ఇన్నాళ్లకు దొరికారా! నాకు మొదటి వారమే తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే అన్నం ముందు నుంచి లేచి పుస్తకం విప్పుకుని కూర్చునేవారు. పైగా ఆ కూర మొదటిసారి వండిన పూట మీరు మారు వడ్డించమన్నారు. పెళ్లయ్యాక అదే మొదటిసారి. ఇక నేనెందుకు మారుస్తాను?"

ఆయన లేచి వంటింట్లోకి వెళ్లి, మిగిలిన గుమ్మడికాయ ముందేసుకున్నాడు. పల్లీలు వేగుతుంటే వెనకనుంచి చెప్పుల చప్పుడు. గోడ పట్టుకుని వచ్చి, స్టూలు మీద కూలబడింది.

"మాడుస్తున్నారు. మంట తగ్గించండి."

నెల రోజుల తర్వాత ఇల్లాలి చేత చీవాట్లు తింటుంటే ప్రాణం లేచొచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ కంచంలో అన్నం మొత్తం తింది. తిని, కంచం ముందుకు జరిపింది. "ఇంకాస్త వెయ్యండి." ఆయన తొందరలో వడ్డిస్తే కూర సగం బల్ల మీద పడింది.

ఆ వారమంతా విడి ఫారాలు చూసే వండాడు. సోమవారం తూకం ముల్లు అరకిలో పైకి జరిగింది. ఆస్పత్రి అవసరం లేదంది డాక్టరమ్మ.

ఇంటికి రాగానే ఆయన సూదీ దారం తీసి, కిటికీ దగ్గర కూర్చున్నాడు. ఒకటి, రెండు, నాలుగు, మూడు, ఐదు. కుట్టేముందు ఈసారి మూడుసార్లు సరిచూసుకున్నాడు.