మెరుపు లేని వాన

వానాకాలం కదా అని కరువు సీమ ఆలూరు వైపు గొడుగు పట్టుకుపోయిన తెలివి నాది. ఆ సాయంత్రం నేను దిగిన పల్లెలో వాన కోసం నాటకం ఆడబోతున్నారు. లైట్లు చూసే రంగప్ప బల్బుల ముందు నీలం గాలిపటం కాగితాలు కట్టి, మబ్బుల కోసం సాంబ్రాణి రాజేస్తున్నాడు. పక్కన వెల్డింగ్ మిషను. దాని వెలుగే మెరుపట. కానీ వైరు పీకేసి ఉంది.

"వానొచ్చే ఘట్టంలో మెరుపు లేకపోతే ఎలా?" అన్నాను, నాటకాల మీద నాకేదో పట్టున్నట్టు.

"నిన్న సరిచూస్తామని ఒకసారి మెరిపిస్తిమప్పా. మిట్ట మీదుండే లచ్చుమక్క నిజమనుకోని, ఇంట్లో గిన్నెలన్నీ చూరు కింద పెట్టుకోని కూచునె. ఆయమ్మ శెనక్కాయ చేను ఎండిపోతాండాది. ఉత్త మెరుపని చెప్పేకి ఎవురికీ నోరు రాల్యా. ఇంక మెరుపొద్దన్నారు పెద్దోళ్లు."

తర్వాత నా చేతి వైపు చూశాడు. "ఆ గొడుగు సంచిలో పెట్టుకోప్పా. చూస్తే ఆశపడ్తారు."

చీకటి పడ్డాక వాన ఘట్టం వచ్చింది. నీలం వెలుగులో పొగ మెల్లగా లేచింది, అంతే. ముందు వరుసలో ఒక ముసలామె కొంగు తల మీదికి లాక్కుంది.

"ఆయమ్మే," అన్నాడు రంగప్ప, అటు చూడకుండా.

నేను గొడుగున్న సంచి మూతి ఇంకాస్త బిగించి ముడేశాను.