కత్తెర పెట్టే ముందు పేరు

గుడ్డలోకి కత్తెర దిగే కరకర శబ్దం వింటే ఇప్పటికీ ఒక్క క్షణం ఊపిరి బిగబడతాను. మొన్న జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి టైలరు దగ్గరికి వెళ్తే అదే జరిగింది. వెంటనే సుగుణ గారు గుర్తొచ్చారు. ఎనభైల చివర్లో రాజమండ్రిలో ఒక కంటి ఆసుపత్రి కంప్యూటరు గదికి ఆవిడే పెద్ద. నాకు పని నేర్పింది ఆవిడే. మెయిన్ రోడ్డులో కుట్టుమిషను పెట్టుకున్న ఒక టైలరు గారి కూతురు.

ఆ కంప్యూటరు ఏది చెరపబోయినా "నిజంగానేనా?" అని అడిగేది. అవునన్నట్టు వై అక్షరం కొడితే చెరిపేసేది. అస్తమానం అదే ప్రశ్న కావడంతో, చదవకుండానే మా వేళ్లు వై మీదకు పోయేవి. సుగుణ గారు ఆ పద్ధతి మాన్పించి, సొంతంగా ఒక చిన్న ప్రోగ్రాము రాశారు. చిల్లర ఫైళ్లకు అది ఏమీ అడగదు. ఊళ్లలో పెట్టే కంటి క్యాంపుల పేర్లతో ఉండే రోగుల ఫైలైతే మాత్రం దాని పేరంతా టైపు చేయాలి, పైకి చదవాలి. నాకు ఒళ్లు మండింది.

"ఇదేం చాదస్తమండీ, మనమేమన్నా చిన్నపిల్లలమా?"

"మా నాన్నగారు కత్తెర పెట్టే ముందు గుడ్డ ఎవరిదో పైకి చెప్పేవారమ్మా. కోసెయ్యనా అంటే ఎవరైనా ఊఁ అనేస్తారు. పేరు చెప్పాలంటే గుడ్డ వైపు చూడాలి కదా."

ఒకరోజు డిస్కు నిండిపోయింది. కొత్త పేర్లు ఎక్కడం లేదు, బయట జనం బారులు తీరారు. పెద్ద డాక్టరు గారు విసురుగా వచ్చి, "మొగల్తూరు క్యాంపు తీసెయ్యమ్మా, పాతదేగా" అన్నారు. టైపు చేస్తూ "మొగల్తూరు" అని పైకి చదివాను. వార్డులో కంటికి కట్లతో కూర్చున్నవాళ్లు గుర్తొచ్చారు. చెయ్యి ఆగిపోయింది.

"సార్, వీళ్లకి కట్లు విప్పేది రేపేనండి. ఎవరికి ఏ కంటికి ఆపరేషన్ చేశారో, ఏ అద్దాలివ్వాలో అంతా ఇందులోనే ఉందండి. ఇంకా కాపీ కూడా తియ్యలేదండి."

డాక్టరు గారి ముఖం పాలిపోయింది. ఆయన అనబోయింది ఎప్పుడో ముగిసిన పట్టిసీమ క్యాంపు. సుగుణ గారు నన్ను లేపి ఆ కుర్చీ ఆయనకు చూపించారు.

"మీరే కొట్టండి సార్. పైకి చదువుతూ."

అంత పెద్దాయన ఒంటివేలితో అక్షరాలు వెతుక్కుని, "పట్టిసీమ" అని బుద్ధిగా చదివారు. నేను నవ్వాపుకోలేక తల దించుకున్నాను.

మర్నాడు సుగుణ గారు నన్ను వార్డుకు తీసుకెళ్లారు. కట్టు విప్పగానే ఒక ముసలావిడ మనవరాలిని చూసి, "ఎంత పొడుగయ్యావే!" అంది. "నిన్న వీళ్ల ఫైలు కాపాడింది మా అమ్మాయే" అని సుగుణ గారు నర్సుతో గొప్పగా చెప్పారు. ఆ మాటకు ఇంటికి వెళ్తున్నంతసేపూ నా కాళ్లు నేలమీద ఆనలేదు.

ఇప్పుడు ఫోను కూడా అడుగుతుంది, ఈ ఫొటోలు చెరిపేయాలా అని. వేలు అలవాటుగా ముందుకు పోతుంది. "తమ్ముడి పెళ్లి" అని పైకి చదువుతాను, వేలు వెనక్కి వచ్చేస్తుంది. ఇంట్లో వాళ్లు నవ్వుతారు. నవ్వనీ, నేను సుగుణ గారి చేతికింద పనిచేసినదాన్ని.