ఓడ సామానులో పడ్డ మందు సీసాలు

ఆ రోజు చందానగర్ ఇంట్లో ఉన్నవాళ్లం: అక్క, బావ, నాలుగేళ్ల మేనల్లుడు, నేను, సామాను కట్టడానికి వచ్చిన ఇద్దరు మనుషులు. ఉన్న వస్తువులు: ఓడలో వెళ్లాల్సిన చెక్కపెట్టెలు, విమానంలో వెళ్లాల్సిన సూట్‌కేసులు, పక్కింట్లో అడిగి తెచ్చిన తూకం మిషను, ఊరగాయ డబ్బా, మేనల్లుడి ఫిట్స్ మందు సీసాలు. చివరిదాన్ని ఇన్నేళ్లుగా గుండె మీద మోస్తున్నాను. ఎవరి ముందూ దాని పేరెత్తలేదు. మీరు నాకు ఏమీ కారు కాబట్టి చెప్పగలుగుతున్నానేమో.

బావ సైన్యంలో మేజర్. ఆఫ్రికాలో ఒక చిన్న దేశపు సైనికులకు శిక్షణ ఇవ్వడానికి వేశారు. కుటుంబాన్ని వెంట తీసుకెళ్లవచ్చు. తొంభైల చివరి మాట. నేను అప్పుడే మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల మేడలో ఉద్యోగంలో చేరాను. రెండువేల సంవత్సరం వస్తే ఏ కంప్యూటర్ ప్రోగ్రాము ఎక్కడ తప్పుతుందో వెతకడం నా పని. సామాను సర్దే బాధ్యత నేనే అడిగి తీసుకున్నాను. ప్రతి వస్తువుకూ ఒక వర్గం, ప్రతి వర్గానికీ ఒక పెట్టె.

"మా బామ్మర్దికి లుంగీ మడత పెట్టాలన్నా కంప్యూటర్ కావల్ల," అన్నాడు బావ. కడప మనిషి, ఎగతాళి లేకుండా నోరు తెరవడు. సామాను కట్టేవాళ్లు కూడా నవ్వారు.

ఊరగాయ నూనె కారితే బావ యూనిఫాంలు పాడవుతాయని డబ్బాను చెక్కపెట్టెలోంచి సూట్‌కేసులోకి మార్చాను. బరువు మించింది. ఏదో ఒకటి తీయాలి. తువ్వాలులో చుట్టిన సీసాలు చేతికి తగిలాయి. మందుల వర్గం ఓడది. జ్వరం మందు, దగ్గు మందు, ఇవీ అవే అనుకున్నాను. విప్పి చూడకుండానే చెక్కపెట్టెలో వేశాను.

"జర జల్ది సార్, ఇగ మేకులు కొడుతున్నం," అన్నాడు పనివాడు. కొట్టాడు. పెట్టెలు ఎక్కించుకుని లారీ ముంబై రేవుకు వెళ్లిపోయింది.

తర్వాత అక్క బాబుకు అన్నం తినిపిస్తూ అడిగింది.

"ఒరేయ్, వాని ఫిట్స్ మందు తువ్వాల్లో చుట్టి పెట్టినా. ఒక సీసా చేతిసంచిలో వెయ్యి. రాత్రికి ఇయ్యల్ల."

నేను ఓడ పెట్టెలో వేసినవి అవే.

"వేసినాలే అక్కా."

"చూసి వేసినావా?"

"నేను చూడకుండా వేస్తానా?"

లారీ అప్పటికి పటాన్‌చెరు దాటి ఉండదు. స్కూటర్ మీద వెళ్తే అందుకునేవాణ్ణి. ఎందుకు వెళ్లలేదు? బావ హాల్లోనే ఉన్నాడు. నవ్వుతాడని. ఇంతకంటే పెద్ద కారణం ఉండాలని ఏళ్ల తరబడి నాలో నేను వెతుక్కున్నాను, దొరకలేదు. వీధి చివర మందుల షాపుకు మాత్రం వెళ్లాను. డాక్టరు చీటీ అడిగారు. చీటీ అక్క దగ్గర ఉంది. అడిగితే తెలిసిపోతుంది. ఉత్త చేతులతో తిరిగొచ్చి, సాయంత్రం వాళ్లను బేగంపేట విమానాశ్రయంలో దింపి, బాబుకు టాటా చెప్పాను.

ఇక ఫోన్ మోగితే భయం. మోగకపోతే ఇంకా భయం. రెండు రోజులకు అక్క గొంతు వినిపించింది. ముంబై దాటాక విమానంలో వాడికి ఫిట్స్ వచ్చిందట. సంచిలో సీసా లేదట, దిగాక చూస్తే సూట్‌కేసులోనూ లేవట.

"నేనైతే తువ్వాలుతో సహా అన్నీ సంచిలోనే వేసినా. ముంబైలో నువ్వే ఎక్కడో తీసి పెట్టి మరిచిపోయింటావు."

మొదటి అబద్ధం భయంతో నోటికొచ్చింది. ఇది అలా కాదు, రెండు రోజులు కూర్చుని దిద్దుకున్నది. "అవునేమోరా," అంది. వెనక బావ ఆమెను తిట్టడం వినిపించింది. నేను ఫోన్ పెట్టేశాను.

తర్వాత ఓడ భయం పట్టుకుంది. పెట్టె తెరిస్తే సీసాలన్నీ అందులోనే ఉంటాయి. ఆఫీసు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఆ ఓడ మునిగిపోవాలని కోరుకున్నాను. అందులో మనుషులుంటారని తెలిసే కోరుకున్నాను. మునగలేదు. "సామానంతా వచ్చిందిరా, ఒక్క గ్లాసు కూడా పగల్లేదు," అంది అక్క. ఇంకేమీ అనలేదు. సీసాలు చూసి ఉంటుంది కదా? చూసి, అర్థమై, నన్ను బావ నుంచి కాపాడిందా? లేక తన మతి మీద తనకే నమ్మకం పోయిందా? నేను అడగలేదు. ఇప్పటికీ ఏ ప్రయాణానికైనా ఆమె సంచి మొత్తం విప్పి మళ్లీ సర్దుతుంది. బావ నలుగురిలో ఆమె మతిమరుపు మీద జోకులు వేస్తాడు. నేనూ నవ్వుతాను.

బాబు బాగానే ఉన్నాడు. ఇప్పుడు కాలేజీకి వెళ్తున్నాడు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. చెప్పాను, కాస్త ఊపిరి ఆడుతోంది. అంతే. ఒక్కటి మిగిలింది. విమానంలో వాడు కొట్టుకుంటున్నంతసేపూ బావ గడియారం చూస్తూనే ఉన్నాడట. సెలవు మీద వచ్చినప్పుడు చెప్పాడు.

పదకొండు నిమిషాలు.