తమదేనండి

గన్నవరానికి రెండు కోసుల దూరంలో, ఏలూరు కాలువ పక్కన, ఎకరం పాతిక సెంట్ల పొలం రత్తయ్యది. అది అతనిదని ఊళ్లో అందరికీ తెలుసు. కాగితం మీద మాత్రం ఎక్కడా లేదు. అతని తండ్రి చౌడయ్య ఒక పెద్దరైతు ఇంట్లో ఇరవై ఏళ్లు పాలేరుతనం చేశాడు. ఆ రైతు పోయేముందు తుమ్మలు మొలిచిన ఆ నేల చెక్కను చూపించి, బాగుచేసుకుని బతకమన్నాడు. చౌడయ్య తుమ్మలు కొట్టి, మొద్దులు పెకలించాడు. రత్తయ్య గట్లు వేసి కాలువ నీళ్లు పారించాడు. తండ్రీకొడుకులిద్దరి చేతుల్లో కలిపి ముప్పై ఏళ్లు నడిచింది.

1943లో, బర్మా బియ్యం రాకడ ఆగి వడ్లకు గిరాకీ వచ్చిన ఏడు, ఆ పెద్దరైతు కొడుకు వెంకటకృష్ణారావుగారు దావా వేశారు. పొలం తనదనీ, రత్తయ్య వట్టి కౌలుదారుడనీ, లెమ్మంటే లేవడం లేదనీ. నేను అప్పట్లో రత్తయ్య తరఫు వకీలు వెంకటప్పయ్యగారి దగ్గర గుమాస్తాని. పన్నెండేళ్లకు మించి తన సొంతమనుకుని సాగుచేసుకుంటున్నవాణ్ణి లేపడానికి వీల్లేదని చట్టం. ఊరివాళ్లు నలుగురు వచ్చి మనకు అనుకూలంగా సాక్ష్యం చెప్పారు. ఇక రత్తయ్య ఒక్కడు నిలబడి నిజం చెబితే చాలన్నారు వకీలుగారు.

రత్తయ్యకు నలభై అయిదేళ్లుంటాయి. మనిషి పొడుగే గాని ఎదుట ఎవరున్నా వంగి మాట్లాడేవాడు. ఆ పక్క పల్లెల్లో మోతుబరి కనపడి అడిగితే చిన్న రైతెవడూ "నాది" అనడు. గేదె ఎవరిదిరా అంటే "తమదేనండి" అంటాడు. గేదె పాలు మాత్రం తన ఇంట్లోనే కాగుతాయి. ఒకసారి రావుగారు రత్తయ్య కూతురు మాణిక్యాన్ని చూసి ఈ పిల్ల ఎవరంటే, "తమ పిల్లేనండి" అన్నాడట. అన్నవాడికీ విన్నవాడికీ దాని అర్థం తెలుసు. అర్థం చెప్పమని ఎవరూ ఎవరినీ అడిగి ఉండరు.

సాక్ష్యం నాడు, కోర్టులో మర్యాదగా మాట్లాడు రత్తయ్యా అని హెచ్చరించి బోనెక్కించింది నేనే.

ఎదుటి వకీలు కృపానందంగారు గొంతు పెంచే మనిషి కాదు. "రత్తయ్యగారూ" అని పిలిచారు. పుట్టి బుద్ధెరిగాక అతన్ని ఎవరూ గారు అని ఉండరు. రత్తయ్య తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. వానలు ఎప్పుడు పడ్డాయి, ఏ వంగడం వేశారు అంటూ కాసేపు చుట్టం పలకరించినట్టే పలకరించి, అప్పుడు అడిగారు.

"మొన్న కార్తీకంలో రావుగారు కాలువగట్టు మీద ఆగి, పైరు బాగుంది, ఈ చేను ఎవరిదని మిమ్మల్ని అడిగారా?"

"అడిగారండి."

"మీరేమన్నారు?"

రావుగారు ఎదురుగా బల్ల మీద కూర్చుని ఉన్నారు. రత్తయ్య ఆయన వంక చూశాడు.

"తమదేనండి అన్నానండి."

విచారణ చేస్తున్న జిల్లా మునసబుగారు అరవదేశం నుంచి కొత్తగా వచ్చినవారు. ఆ మాటను ఇంగ్లీషులో రాసుకున్నారు. ఇంగ్లీషులో దానికి ఒకటే అర్థం.

వెంకటప్పయ్యగారు లేచి, అది పల్లెటూళ్లలో మాటవరసకు అనేదని రత్తయ్య చేతనే చెప్పించబోయారు. రత్తయ్యకు ప్రాణం లేచి వచ్చింది. పెద్దవాళ్లకు అట్టాగే చెబుతామండి అన్నాడు. కృపానందంగారు మళ్లీ నెమ్మదిగా అందుకున్నారు.

"అయితే పెద్దవాళ్లకు అబద్ధం చెబుతారన్నమాట."

"అబద్ధం కాదండి."

"మరి నిజమేనా?"

రత్తయ్య తలగుడ్డను అటూ ఇటూ పిండాడు. అది అబద్ధమంటే తను అబద్ధాలకోరు, నిజమంటే పొలం పోతుంది. ఈ రెంటికీ మధ్య ఏముందో అతనికి తెలుసు, నాకూ తెలుసు. చెప్పే మాట ఇద్దరికీ లేదు.

"అబద్ధమైతే కాదండి" అన్నాడు చివరికి.

వాదనల రోజున, అది మర్యాద మాటేనని చూపిద్దామని వెంకటప్పయ్యగారు ఇంత లావు నిఘంటువు చంకన పెట్టుకుని వెళ్లారు. అందులో "తమది" అంటే "మీది" అని ఉంది. ఎదుటి వకీలు ఆ పుస్తకమే అడిగి తీసుకుని పైకి చదివారు.

తీర్పు ఎండాకాలం ముందు వచ్చింది. నేనే రత్తయ్యకు తెలుగులో చెప్పాను. ప్రతివాది పల్లెటూరి అమాయకుడు, కల్లాకపటం ఎరగనివాడు, అటువంటివాడి నోట వచ్చిన మాట నిస్సందేహంగా నమ్మదగినది అని ఉంది. పొలం రావుగారికి స్వాధీనం చేయమని ఉంది. రత్తయ్య మొదటి వాక్యం మళ్లీ చదవమన్నాడు. చదివాను. "నన్ను మంచోడనే రాశారు గదండీ" అన్నాడు. అతని ముఖం వంక చూడలేక కాగితం మడిచేశాను.

కాలువకు నీళ్లు వదిలిన నెలకు కోర్టు అమీను టముకు వేయించి పొలంలో దిగాడు. అప్పటికి నారు జానెడు పెరిగింది. రత్తయ్య భార్య రావమ్మ నారుమడి చుట్టూ తిరిగి, ఆడపిల్లకు తల నిమిరినట్టు నిమిరి వచ్చిందని ఊరివాళ్లు చెప్పారు. మర్నాడు రావుగారు కబురంపారు. మనవాడే గదా, కావాలంటే కౌలుకు చేసుకోమనండి అని. రావమ్మ ఒప్పుకుందామంది. రత్తయ్య కబురు తెచ్చినవాణ్ణి గుమ్మంలోనే వదిలి లోపలికి వెళ్లాడు. ఇంట్లో వంటగిన్నెలు మూటకట్టి, భార్యనూ కూతుర్నీ తీసుకుని బెజవాడ వచ్చేశాడు.

సరుకుల గిడ్డంగిలో బస్తాలు మోసే పని దొరికింది. ఒకసారి పనిమీద అక్కడికి వెళ్లినప్పుడు నాకు తెలిసింది, అతని మాట మారిందని. అండి పోయింది, తమరు పోయింది. అవును, కాదు, అంతే. పొగరనుకున్నాడు మేస్త్రీ. పల్లెటూరి మొద్దని నలుగురిలో ఒకసారి తిట్టి, అయ్యా అని పిలవమన్నాడు. రత్తయ్య బస్తా దించి నిలబడ్డాడు గాని నోరు విప్పలేదు. ఆ సాయంత్రంతో పని పోయింది. తర్వాత భవానీపురం వైపు కృష్ణ ఒడ్డున పాక వేసుకుని, పడవల్లోకి ఇసుక ఎత్తే కూలికి చేరాడు. ఆ పనిలో ఎవరితో మాట్లాడనక్కర్లేదు.

1946 వేసవిలో వెతుక్కుంటూ వెళ్లాను. ఏం చెబుదామని వెళ్లానో నాకే తెలియదు. రత్తయ్య నన్ను చూసి, గంప భుజానికెత్తుకుని రేవులోకి దిగిపోయాడు. రావమ్మ చెంబుతో మంచినీళ్లిచ్చింది.

"ఏమనుకోబాకండి పంతులుగారూ. ఇంట్లో కూడా అంతేనండి. కూతుర్ని పేరెట్టి పిలిచి నెల దాటింది. అన్నం పెట్టమని అడగడు, పెడితే తింటాడు."

నీళ్లు తాగి వచ్చేశాను. ఆ మరుసటి వానాకాలం రత్తయ్య జ్వరంతో పోయాడు. మూడు రోజులు మూసిన కన్ను తెరవలేదట, కలవరింతలో కూడా ఒక్క మాట అనలేదట. రావమ్మ కూతుర్ని వెంటబెట్టుకుని పుట్టింటికి వెళ్లి, నాట్ల కూలికి పోతోందని విన్నాను.