బుచ్చమ్మకు నచ్చిన గీతలు

2016లో నేను నల్లగొండలో చిన్న దుకాణాలకు డెస్క్‌టాప్ ప్రోగ్రాములు రాసిచ్చేవాణ్ణి. బస్టాండ్ దగ్గర స్వరూపక్కది రేడియం స్టిక్కర్ల దుకాణం. కొత్తగా కటింగ్ ప్లాటర్ కొన్నది. ప్లాటర్ అంటే పెన్నుతో బొమ్మలు గీసే యంత్రం; ఇందులో పెన్నుకు బదులు చిన్న బ్లేడు ఉంటుంది. కంప్యూటర్ చెప్పిన దారిలో తిరుగుతూ స్టిక్కర్ షీటును కోస్తుంది. చిక్కల్లా ఒకటే. ప్లాటర్ ఫైలును తెరిచి చూసే వీలు ఆమెకు లేదు.

"కోసేదాంక తెలుస్తలేదు తమ్మీ, లోపల పులి ఉందో పిల్లి ఉందో!" అన్నది.

నిజానికి ప్లాటర్ ఫైలులో బొమ్మ ఉండదు, ఆజ్ఞలు ఉంటాయి. 'పెన్ డౌన్' అంటే గీస్తూ కదలమని, 'పెన్ అప్' అంటే పెన్ను పైకెత్తి ఊరికే కదలమని. వాటిని చదవడానికి ఒక లైబ్రరీ, అంటే ఎవరో రాసిపెట్టిన కోడ్, తెచ్చుకున్నాను. అది ఇచ్చిన గీతలను తెర మీద వేస్తే చాలు.

ప్రోగ్రాం ఎక్కించిన రోజే మొదటి గిరాకీ వచ్చింది. కేతేపల్లి నుంచి లింగయ్య, ఆయన భార్య బుచ్చమ్మ. బయట కొత్త ట్రాక్టరు. బానెట్ మీద బుచ్చమ్మ పేరు వేయించి, పానగల్ గుడికి పూజకు పోవాలి.

స్వరూపక్క ఇచ్చిన పేరు ఫైలు తెరిచాను. లైబ్రరీ పెన్ అప్ కదలికలను కూడా గీతలుగానే ఇస్తుందని నాకు అప్పుడే తెలిసింది. అక్షరం నుంచి అక్షరానికి, అక్కడి నుంచి ఒత్తుకు, అడ్డదిడ్డంగా గీతలు.

"ఏందిది తమ్మీ, సాలెగూడు లెక్క?" స్వరూపక్క మొహం వాడిపోయింది.

"ఐదు నిమిషాలక్కా, తీసేస్తా."

"ఆగు బిడ్డా!" బుచ్చమ్మ తెర దగ్గరికి వంగింది. "ముగ్గు లెక్క ఎంత మంచిగుంది! గట్లనే కొయ్యి."

"అమ్మా, అది తప్పు. ఆ గీతలు నిజంగా లేవు."

"కండ్లకు కనబడుతున్నయి గద. లేవంటవేంది?"

సాయం కోసం లింగయ్య వైపు చూశాను. "ఆమె పేరు, ఆమె ఇష్టం. నన్నడగకు," అని ఆయన ట్రాక్టరు దగ్గరికి పోయాడు.

కోడ్ సరిచేసి, శుభ్రంగా అక్షరాలు మాత్రమే చూపించాను. బుచ్చమ్మ లేచి నిలబడింది. "నా పేరు బోడిగైంది. ఇంకో దుకాణం చూసుకుంటం."

కొత్త మిషన్, మొదటి గిరాకీ. గిరాకీ పోనియ్యకన్నట్టు స్వరూపక్క నా వైపు చూసింది. పెన్ అప్‌లన్నీ పెన్ డౌన్ చేసి ప్లాటర్‌కు పంపాను. బ్లేడు ఆ గీతల వెంబడి అక్షరాలను కూడా కోసేసింది. స్వరూపక్క షీటు లేపితే పేరు ముక్కలు ముక్కలుగా రాలింది.

"నా పేరును కూరకు తరిగినట్టు తరిగినవ్ గద బిడ్డా!"

బ్లేడు కోత కంటికి గీతలా కనబడదు. గీత కావాలంటే రెండు వైపులా కోసి సన్నని పట్టీ మిగల్చాలి. బయట ట్రాఫిక్ పోలీసు ట్రాక్టరు తీయమని ఈల వేస్తున్నాడు. లింగయ్య బజారంతా ఒక చుట్టు తిరిగొచ్చాడు, మళ్లీ ఈల, మళ్లీ చుట్టు. లోపల నేను ఒక్కో గీతకు రెండు అంచులు గీసి, పట్టీలు అక్షరాలతో అతుక్కునేలా కోడ్ రాస్తున్నాను. చివరికి పేరు ఒకే ముక్కగా, వల అల్లినట్టు లేచి వచ్చింది. బుచ్చమ్మ స్వయంగా బానెట్‌కు అద్ది, కొంగుతో తుడిచింది.

లింగయ్య నా చెవి దగ్గరికి వచ్చాడు. "పరేషాన్ గాకు సారూ. నేను ఎర్ర ట్రాక్టర్ గొందామన్న. నీలిది వచ్చింది."

తర్వాత కేతేపల్లి వైపు నుంచి వచ్చినవాళ్లంతా 'బుచ్చమ్మ డిజైన్' అడగడం మొదలుపెట్టారు. ప్రోగ్రాంలో దానికో బటన్ పెట్టక తప్పలేదు.

అంతవరకూ తెర మీది బొమ్మ ఉత్త నమూనా అనుకునేవాణ్ణి. కానీ చూసేవాళ్లకు అది ఇచ్చిన మాటతో సమానమని ఆ రోజు తెలిసింది. అందుకే ఏ ప్రోగ్రాం రాసినా, బ్లేడు కోయలేని గీతను ఇప్పుడు తెర మీద చూపించను. చూపించాక, అది తప్పని చెప్పినా ఎవరూ వినరు.