కిలో నూరు గ్రాముల మనుమరాలు

మొన్న బడులు తెరవడానికి వారం ముందు, మా ఇంట్లోనే పెరుగుతున్న మనుమరాలికి యూనిఫాం కుట్టిద్దామని కోస్గిలో మా పాత టేలర్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన టేపు పెట్టి భుజాలూ నడుమూ కొలిచి, కళ్ళజోడు మీదుగా నన్ను చూసి, "పదేండ్లంటున్నవు, ఎనిమిదేండ్ల పిల్ల కొలతనే వస్తున్నది. సరిగ్గ తింటలేదా ఏంది?" అన్నాడు. మంచి మనిషి, ఏ చెడు మనసుతోనూ అనలేదు. అయినా నాకు ఒళ్ళు మండింది. "తింటది, ఉరుకుతది, చెట్టెక్కుతది, లెక్కలల్ల క్లాసుకు మొదలుంటది. నువ్వు కొలిచినంత కుట్టు, చాలు" అన్నాను. పిల్ల సిగ్గుపడి నా కొంగు లాగింది. నా ఈడు ఆడవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, ఆ కోపం టేలర్ మీది కాదని వాళ్ళకు తెలుస్తుంది.

నేను ఇరవై ఆరేళ్ళు అంగన్‌వాడీ టీచరుగా చేసినదాన్ని. మా బాపు ఒకరి చేలో పాలేరుగా జీతమున్న మనిషి. మా వాడలో పదో తరగతి పాసైన మొదటి ఆడపిల్లను నేనే. కొలువు వచ్చిన తొలి రోజుల్లో ఊళ్ళోని కొందరు తల్లులు, నాది ఏ వాడో తెలిసి, పిల్లల్ని నా చేతికి ఇచ్చేవారు కాదు. దూలానికి కట్టిన కాటా కింది గుడ్డ ఉయ్యాలలో తామే పడుకోబెట్టి, తూకం చూశాక తామే తీసుకునేవారు. నేను పట్టించుకోనట్టే తూచి, కార్డు మీద చుక్క పెట్టి పంపేదాన్ని. కార్డు మీద పచ్చ, పసుపు, ఎరుపు పట్టీలుంటాయి. ఎరుపులో చుక్క పడితే తల్లిని మందలించడం నా పని అనుకునేదాన్ని. గుడ్డు తినమని, పాలు తాగమని, నిర్లక్ష్యం చేయొద్దని, ఇంట్లో గుడ్డు ఉందో లేదో కూడా అడగకుండానే గట్టిగా చెప్పేదాన్ని.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు, ఇంకా వానలు మొదలుకాని రోజులు. నా కూతురిని నల్గొండ పక్కన పానగల్‌లో ఇచ్చాము. తొలిచూలు కాబట్టి మా ఇంటికే తెచ్చుకోవాలని గదికి సున్నం వేయించి, పాత చీరలు చింపి పొత్తిగుడ్డలు చేసి పెట్టుకున్నాను. ఆ లోపలే ఒక పొద్దున అల్లుడి ఫోను వచ్చింది. బీపీ విపరీతంగా పెరిగిందనీ, నల్గొండ దవాఖానలో ఆపరేషన్ చేసి ఏడో నెలలోనే బిడ్డను తీశారనీ చెప్పాడు. మహబూబ్‌నగర్‌లో ఒక బస్సు, కల్వకుర్తిలో ఇంకో బస్సు, దేవరకొండలో మరొకటి మారి చేరేసరికి సాయంత్రమైంది. దారిలో ఏం చూశానో, ఎవరి పక్కన కూర్చున్నానో ఒక్కటీ గుర్తు లేదు, ఒళ్ళోని సంచిలో ఆ పొత్తిగుడ్డలు ఉన్నాయన్నది తప్ప.

వరండాలో మా వియ్యపురాలు గోడకు ఆనుకొని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవనైనా లేవలేదు.

"తల్లి బాగనే ఉన్నది వదినె. గా పిల్ల మీద మాత్రం ఆశ వెట్టుకోకు. మనది కాదనుకో."

"మనది కాదని ఎవలన్నరు? ఊపిరి ఉన్నదా లేదా? ఉన్నన్ని దినాలు మనదే" అన్నాను. నా గొంతు అంత గట్టిగా వస్తుందని నేనే అనుకోలేదు.

అద్దాల పెట్టెలో పిల్లను చూశాను. కిలో నూరు గ్రాములు. నా మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా కూడా రాని పొడుగు. చర్మం కింద నరాలన్నీ కనబడుతున్నాయి. తొడల మీద కండ లేదు, కొవ్వు లేదు, పెద్దవాళ్ళ చొక్కా తొడిగినట్టు చర్మం వదులుగా ముడతలు పడి ఉంది. వందల మంది పిల్లల్ని తూచిన నాకు ఆ పిల్లను ఎక్కడ పట్టుకోవాలో తెలియలేదు. మొదటి వారంలో ఆ ఉన్న తూకమూ తగ్గి కిలోకు దిగింది. అందరు పిల్లలకూ కొంత తగ్గుతుందనీ, మళ్ళీ ఎక్కుతుందనీ అక్కడి సిస్టరమ్మ చెప్పింది. ఇరవై ఒకటో రోజు దాకా చూసి, అప్పటికి ఉంటే పేరు పెడదామని పెద్దలు అనుకుంటుంటే, నేను మూడో నాడే పేరు పెట్టి పెట్టె మీది కార్డులో రాయించాను. వెళ్ళిపోయేదే అయితే పేరుతోనే వెళ్ళనీ అనుకున్నాను.

పదో రోజున సిస్టరమ్మ నన్ను లోపలికి పిలిచింది. నా కూతురికి జ్వరం, కుట్ల నొప్పి, కూర్చోలేకపోతున్నది. "ఆమెకు తాకత్ వచ్చేదాక నువ్వు కూసో పెద్దమ్మా. ఒంటికి ఒళ్ళు తగలాలె. నీ వెచ్చదనమే దానికి మందు" అన్నది. యాభై దాటిన ఆడదాన్ని, నలుగురి మధ్య రవిక విప్పి కుర్చీలో కూర్చున్నాను. పిల్లను బట్టల్లేకుండా నా ఎద మీద కప్పలాగా బోర్లా పడుకోబెట్టి పైన మెత్తటి గుడ్డతో కట్టారు. సిగ్గు ఎంతసేపు ఉందో చెప్పలేను. ఆ చిన్న గుండె నా ఎదబొమిక మీద టకటకా కొట్టుకోవడం తెలిసిన క్షణం నుంచి లేదు. కూతురు పిండి ఇచ్చిన పాలు మొదట గొట్టంతో, తర్వాత ఉగ్గుగిన్నెతో, చెంచాలో సగం, చెంచాడు. ఒకరోజు పది గ్రాములు పెరిగేది, ఒకరోజు ఏమీ పెరిగేది కాదు. వారం తర్వాత కూతురు లేచి కూర్చుంది. ఆ తర్వాత పొద్దున ఆమె, మధ్యాహ్నం నేను. వియ్యపురాలు మాత్రం తలుపు దాకా వచ్చి అన్నం గిన్నె ఇచ్చి, మొహం అటు తిప్పుకొని వెళ్ళిపోయేది. రాయిలాంటి మనిషి అనుకున్నాను.

నలభై ఐదు రోజులకు కిలో ఏడు వందల పిల్లను మా ఊరికి తెచ్చుకున్నాం. బయలుదేరే ముందు డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి, తూకం ఒక్కటే ఎదుగుదల కాదని చెప్పింది. పొడుగు చూడాలి, తల చుట్టుకొలత చూడాలి. పైపాలు, చక్కెర పోసి గబగబా బొద్దుగా చేస్తే పెరిగేది బొజ్జ చుట్టూ కొవ్వే గాని కండా ఎముకా కాదు. తల్లిపాలూ, తాను రాసిచ్చిన చుక్కలూ చాలు, నెమ్మదిగా పెరగనీ అన్నది. ఇరవై ఏళ్ళు కాటాను నమ్ముకున్న నాకు ఆ మాట కొత్త. మా సెంటరులో నా చేతులతోనే మనుమరాలి కార్డు రాశాను. చుక్క ఎర్ర పట్టీకి కూడా చాలా కిందికి పడింది. సూపర్‌వైజర్ వస్తుందని మా ఆయా భయపడి, "జర పైకి వెట్టు టీచరమ్మా, నీ ఇంటి పిల్లనాయె" అన్నది. "నా ఇంటి పిల్ల గనుకనే ఉన్న కాడనే వెడుత" అన్నాను. ఆ చుక్కను చూస్తూ, నేను మందలించి పంపిన తల్లులందరికీ ఎలా ఉండేదో మొదటిసారి తెలిసింది.

మూడో నెలలో వియ్యపురాలు వచ్చింది, చేతిలో పాలపొడి డబ్బా, సీసా పట్టుకొని. పిల్ల చేతులు చూసి, చుట్టాలందరూ నవ్వుతున్నారని మొదలుపెట్టింది. నేను సీసా తీసి గూట్లో పెట్టాను.

"నీ అంగన్‌వాడి చదువు నా మనుమరాలి మీద చూపెట్టకు వదినె!"

"చూపెడుత. దవాఖానల మనది కాదన్నవు గద, ఇయ్యాల నీ మనుమరాలు ఎట్లయింది?"

అనకూడని మాట. అన్నాక వెనక్కి రాలేదు. ఆమె చాపమీద కూలబడిపోయి, గొంతు తగ్గించి చెప్పింది.

"నాకూ ఏడు నెలలకే ఒకడు పుట్టిండు వదినె. మీ అల్లుని కన్న ముందు. గుడ్డల సుట్టి చేటల వెట్టిన్రు. దక్కడు, పాలకు అలవాటు చెయ్యొద్దన్నరు. పొద్దుమూకే దాక బతికిండు. నేను చూస్తనే ఉన్న. ఒక్కరు ఎత్తుకోలే. నన్ను ఎత్తుకోనియ్యలే."

క్షమించమని అడగడం నాకు చేతకాలేదు. లేచి కూతురి ఒళ్ళోంచి పిల్లను తీసి, ఆమె కొంగు పక్కకు జరిపి, ఎద మీద పడుకోబెట్టాను. ఆమె రెండు చేతులూ పిల్ల వీపు మీద కప్పింది. కాసేపటికి పిల్ల ఆమె మెడ దగ్గర ముక్కు పెట్టి నిద్రపోయింది. డబ్బాను మర్నాడు ఆమే తిరిగి తీసుకుపోయింది. వచ్చిన ప్రతిసారీ గంటలకొద్దీ పిల్లను దించేది కాదు.

ఎనిమిదో నెలలో పిల్ల ఇంకా కూర్చోలేదని వాడకట్టంతా గుసగుసలు. పుట్టిన నాటి నుంచి కాదు, పుట్టవలసిన నాటి నుంచి నెలలు లెక్కించమన్నది డాక్టరమ్మ; అడిగిన ప్రతి ఒక్కరికీ, అడగని వాళ్ళకూ నేను అదే చెప్పి పంపాను. పదో నెలలో కూర్చుంది. ఏడాదిన్నరకు, నాకూ వియ్యపురాలికీ, ఇద్దరు ముసలివాళ్ళకు మధ్య ఆరు అడుగులు నడిచింది. మొదటి మూడేళ్ళలో రెండుసార్లు నిమ్ము చేసి భయపెట్టింది కూడా. కార్డు మీద చుక్క పచ్చలోకి ఏనాడూ రాలేదు. రాకపోతే పోయింది, పొడుగూ తలా తమ దారిన తాము పెరిగాయి, మాటలు అందరికంటే ఎక్కువే వచ్చాయి. సన్నగా ఉండడం ఆమె తీరు. దాన్ని తప్పనేవాళ్ళతో పోట్లాడడం నా తీరు.

వియ్యపురాలు పోయి రెండేళ్ళవుతుంది. ఇప్పుడు దవాఖానల్లో తల్లులకు వాలుకుర్చీలు వేశారు. కుర్ర తండ్రులు కూడా చొక్కాలు విప్పి కూర్చొని బిడ్డల్ని ఎద మీద కట్టుకుంటున్నారట. నెల తక్కువ బిడ్డ పుడితే ఇంటివాళ్ళు ఇంకా ఏం చేయొచ్చని గట్టిగా అడుగుతున్నారు. సంతోషమే. కానీ నేను చేసిన తొలి ఏళ్ళలో మా చుట్టుపక్కల తండాల్లో, వాడల్లో, తూచి చుక్క పెట్టిన తర్వాతి నెలకే రిజిస్టరులో పేరు కొట్టేయవలసి వచ్చిన పిల్లలు కొందరున్నారు. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు, నన్ను నేనూ తప్పు పట్టుకోలేదు. ఎత్తుకోవడం కూడా ఒక పనేనని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. వాళ్ళుంటే ఈపాటికి పాతికేళ్ళ వాళ్ళయి ఉండేవారు. కోస్గి సంతలో ఆ ఈడు వాళ్ళు గుంపుగా నవ్వుకుంటూ పోతుంటే, సంచి కింద పెట్టి, వాళ్ళు మలుపు తిరిగేదాకా నిలబడి చూస్తాను.